చక్ బెరీ 28 పాటలు: అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి, ఎలా వినాలి?

వాల్తేరు వయొలిన్:

నమస్కారం అండీ. పాత ఇంగ్లీషు పాటలు బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని రాస్తున్నాను. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మొన్న సంక్రాంతి వెళ్లాక చనిపోయాడు. అత్త ఇల్లు సర్దుతూ, "నీకు సంగీతం వచ్చు కదే, ఇవి నువ్వే పట్టుకుపో" అని రికార్డుల పెట్టె నాకిచ్చింది. అందులో ఘంటసాల పద్యాలున్నాయి, బాలమురళిగారి కచేరీలున్నాయి. కానీ అన్నిటికన్నా ఎక్కువ అరిగింది మాత్రం అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుడు, గిటారు వాద్యకారుడు చక్ బెరీ 'ది గ్రేట్ ట్వెంటీ ఎయిట్'. రెండు ప్లేట్లు, 28 పాటలు. చెస్ రికార్డ్స్ పేరుతో 1982లో వచ్చిన సంకలనం అట. రోటర్‌డ్యామ్ కొట్టువాళ్ల ధర చీటీ అట్ట వెనక ఇంకా అంటుకునే ఉంది. అంచులు టేపుతో రెండుసార్లు అతికించి ఉన్నాయి.

నేను పద్నాలుగేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంట్లో పిల్లలకు చెబుతున్నాను. పాత రికార్డు ప్లేయరుకి కొత్త ముల్లు వేయించి, నాలుగు రోజులుగా ఇదే వింటున్నాను. ఉన్న మాట చెప్తాను, నాకు పాట పాటకూ తేడా తెలియడం లేదు. అదే గిటారుతో మొదలవుతుంది, అదే దారిలో వెళ్తుంది, రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. గొంతులో గమకం, అంటే స్వరాన్ని ఊపడం, లేదు. మాటలు అంత వేగంగా ఎందుకు చెప్తాడో అర్థం కావడం లేదు. బాలమురళిని ప్రాణంగా విన్న మావయ్య, ఈ ప్లేటుని అంతకన్నా ఎక్కువసార్లు ఎందుకు వేశాడు?

ఇంకో సంగతి. అట్ట మీద పాటల జాబితాలో ఐదు పాటల పక్కన బాల్‌పెన్నుతో టిక్కులు పెట్టాడు. 'బ్రౌన్ ఐడ్ హ్యాండ్సమ్ మ్యాన్', 'స్కూల్ డేస్', 'జానీ బి. గుడ్', 'మెంఫిస్', 'బై బై జానీ'. వీటిలో 'మెంఫిస్'కి రెండు టిక్కులున్నాయి. కింద ఖాళీలో 'ప్రామిస్డ్ ల్యాండ్', 'యూ నెవర్ కెన్ టెల్' అని రాసి, పక్కన తెలుగులో 'ఇవి లేవు' అని రాసుకున్నాడు.

వీటిని ఎలా వినాలో ఎవరైనా చెప్తారా? వచ్చే నెల అత్త దగ్గరికి వెళ్తున్నాను. అప్పటికి మావయ్య ఏం విన్నాడో కొంచెమైనా తెలుసుకుని వెళ్లాలని ఉంది.

గోదావరి మృదంగం:

అమ్మా, మీ పోస్టు చూసి చాలా సంతోషం వేసింది. నాది రాజమండ్రి. మృదంగం వాయిస్తాను, వయసులో ఉన్నప్పుడు ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ కూడా వాయించాను. అక్కడే ఈ చక్ బెరీ పాటలు పట్టుకున్నాయి.

మీకు అన్నీ ఒకేలా వినపడడంలో మీ తప్పేమీ లేదు. చాలా పాటలకు చట్రం నిజంగానే ఒకటి. పన్నెండు గడులు, గడికి నాలుగు దెబ్బలు, మొత్తం 48 దెబ్బలకు ఒక ఆవర్తనం. అందులో మూడే కార్డులు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు. బ్లూస్ అనే అమెరికా నల్లవాళ్ల పాటల పద్ధతి నుంచి వచ్చిన చట్రం ఇది. మనకి ఆదితాళంలో కొన్ని వేల కీర్తనలున్నాయి, అన్నీ ఒకటే అంటామా? చట్రాన్ని చెవి వదిలేసేదాకా రెండు మూడు రోజులు పడుతుంది. ఆ తర్వాత లోపల ఏముందో వినపడుతుంది. రాగం కోసం మాత్రం వెతకొద్దు, దొరకదు. నడక వినండి, మాట వినండి.

ముందు 'స్కూల్ డేస్' వెయ్యండి. 1957 పాట. గాత్రానికి మీరు పక్కవాద్యం వాయించి ఉంటారు కదా. ఇందులో ఆయన ఒక ముక్క పాడి ఆగుతాడు, ఆ ముక్కనే గిటారు తిరిగి అంటుంది. మళ్లీ పాడతాడు, మళ్లీ గిటారు అంటుంది. గాయకుడు నిరవల్ చేస్తుంటే, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా పాడుతుంటే, వెనక వయొలిన్ అందుకున్నట్టే. తేడా ఏమిటంటే గాయకుడూ పక్కవాద్యమూ ఇక్కడ ఒక్కడే. పిల్లవాడు పొద్దున లేవడం, క్లాసు, లంచ్ రూములో తోపులాట, మూడు కొట్టగానే పుస్తకాలు పక్కన పడేసి పాటల పెట్టె ఉన్న కొట్టుకి పరుగెత్తడం, అంతే కథ. ఆయనకప్పటికి ముప్పై ఏళ్లు. పెళ్లయింది, పిల్లలున్నారు. ముప్పై ఏళ్లవాడు బడిపిల్లవాడి ఒంట్లోకి అంత సులువుగా దూరిపోయాడు.

తర్వాత 'జానీ బి. గుడ్', 1958. ఇక్కడ డ్రమ్ములు మాత్రమే వినండి. ఫ్రెడ్ బిలో అనే ఆయన వాయించాడు. ఆయన చేతిలో తిశ్రం, అంటే మూడేసి దెబ్బల నడక, ఊగుతూ ఉంటుంది, జాజ్ వాళ్ల అలవాటు. చక్ బెరీ గిటారు మాత్రం నాలుగేసి దెబ్బల చతురశ్రంలో సూటిగా కొడుతుంది. రెండు నడకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడిలోంచే ఊపు వస్తుంది. నేను చాలా ఏళ్లు దీన్ని వేగం అనుకున్నాను. మృదంగం ముందు పెట్టుకుని రెండూ విడివిడిగా వేసి చూసుకున్నాక గానీ అసలు సంగతి తెలియలేదు.

ఆ మొదటి గిటారు ముక్క కూడా ఆయన సొంతం కాదు. 1946లో లూయిస్ జోర్డన్ అనే ఆయన రికార్డులో కార్ల్ హోగన్ వాయించిన ముక్క అది. హోగన్ దగ్గర తీసుకున్నానని చక్ బెరీయే చెప్పుకున్నాడు. హోగన్ ఒక్కొక్క స్వరంగా వాయించిన చోట ఈయన రెండేసి తీగలు కలిపి లాగాడు. మీరు కమానుతో రెండు తీగల మీద ఒకేసారి లాగుతారు కదా, ఆ గరుకుదనం వినపడుతుంది చూడండి.

మీకు నచ్చే సంగతి ఇంకొకటుంది. 1977లో అమెరికావాళ్లు వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు పూత రికార్డులో ఈ 'జానీ బి. గుడ్' ఉంది. మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ భైరవి రాగంలో పాడిన 'జాత్ కహాఁ హో' కూడా అదే రికార్డులో ఉంది. ఆ రెండూ ఇప్పుడు సూర్యమండలం అంచులు దాటి వెళ్తున్నాయి.

ఇంకో మాట. పియానో వినడం మర్చిపోకండి. జానీ జాన్సన్ అని ఒక మహానుభావుడు. 1952 డిసెంబరు 31 రాత్రి తన బృందంలో ఒకరికి ఒంట్లో బాగోకపోతే, ఆ ఒక్క రాత్రికని చక్ బెరీని పిలిచాడు. ఆ బృందం చివరికి చక్ బెరీది అయిపోయింది. 'రోల్ ఓవర్ బీథోవెన్'లో గిటారుకి చెవి మూసి పియానో ఒక్కటే పట్టుకోండి. కుడి చెయ్యి ఒక్క క్షణం ఊరుకోదు. ఇన్ని పాటల్లో ఆయన పేరు రచయితగా ఒక్కదానికీ లేదు. 2000లో కోర్టుకి వెళ్తే, ఆలస్యమైపోయిందని కేసు కొట్టేశారు. పక్కవాద్యం వాయించేవాడిని కాబట్టి ఇది నాకు గుచ్చుకుంటుంది.

వాల్తేరు వయొలిన్:

మాస్టారూ, ఎన్ని నమస్కారాలు చెప్పినా చాలదు. నిన్న రాత్రి 'స్కూల్ డేస్' ఆరుసార్లు వేశాను. ముక్క పాడి, అదే ముక్క గిటారుతో అనడం మీరు చెప్పాక ఇక మరవలేకపోతున్నాను. పొద్దున వయొలిన్ తీసుకుని గిటారు జవాబులన్నీ వాయించి చూశాను. వాయించడం కష్టం కాలేదు. ఆయన ఆగే చోట ఆగడం కష్టమైంది. నేను ప్రతి జవాబునీ కొంచెం సాగదీస్తున్నాను, ఆయన తుంచేస్తాడు.

ఒక అనుమానం. చివరి వైపున్న 'నో పర్టిక్యులర్ ప్లేస్ టు గో'ది కూడా అచ్చం ఇదే వరస. నా చెవి మోసపోయిందా?

గోదావరి మృదంగం:

మోసపోలేదమ్మా. వరస అదే, మాటలే వేరు. 1957 వరసకి 1964లో కొత్త మాటలు కట్టాడు. ఈసారి కారు, పక్కన అమ్మాయి, ఊడిరాని సీటు బెల్టు. మన హరికథకులు ఒకే వరసలో ఎన్ని కథలు చెప్పలేదు?

ఒంగోలు చదువరి:

పాటల గురించి బాగా చెప్పారు. మనిషి గురించి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. 1959 చివర్లో ఈయన్ని అరెస్టు చేశారు. పద్నాలుగేళ్ల అమ్మాయిని రాష్ట్రాల సరిహద్దులు దాటించి తీసుకొచ్చాడని కేసు. మొదటి విచారణలో జడ్జి జాతిని కించపరిచే మాటలన్నాడని పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కానీ రెండో విచారణలోనూ దోషి అనే తేలింది. 1962 ఫిబ్రవరి నుంచి 1963 అక్టోబరు దాకా జైల్లో ఉన్నాడు. 1979లో పన్ను ఎగ్గొట్టినందుకు మళ్లీ జైలు. నేను ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. 'స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్' అనే పాటను ఈ సంగతి తెలిశాక మునుపటిలా వినలేకపోయాను. వినొద్దని అనడం లేదు. తెలిసి వినండి అంటున్నాను.

వాల్తేరు వయొలిన్:

చెప్పినందుకు థాంక్సండీ. నాకీ సంగతి తెలియదు. చదివాక ఒక పూట ప్లేటు వెయ్యబుద్ధి కాలేదు. ఆ అమ్మాయి గురించే ఆలోచించాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఆ వయసువాళ్లు నలుగురున్నారు. మావయ్య టిక్కుల్లో మీరు చెప్పిన పాట లేదు. దానికి కారణం ఇదేనని అనుకోవడానికి నాకు ఆధారం లేదు, అయినా చూశాను.

మిస్సోరీ తెలుగు:

అక్కా, నేను సెయింట్ లూయిస్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను, మాది తెనాలి. ఇది చక్ బెరీ ఊరు. 1926 అక్టోబరు 18న ఇక్కడే పుట్టాడు, 2017 మార్చి 18న ఇక్కడికి దగ్గర్లోనే పోయాడు. తొంభై ఏళ్లు బతికాడు. మీ మావయ్య టిక్కుల గురించి నాకు తోచింది రాస్తాను.

ఆయన పుట్టిన ఇల్లు గుడ్ అవెన్యూ అనే వీధిలో ఉండేది. 'జానీ బి. గుడ్'లోని గుడ్ ఆ వీధి పేరే. ఉత్తరం వైపు 'ది విల్' అనే పేట అది. ఆ రోజుల్లో నల్లవాళ్లు ఈ ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ ఇల్లు కొనుక్కోవడానికి లేదు. కొనుక్కోగలిగిన కొద్ది పేటల్లో అదొకటి. తండ్రి చర్చిలో డీకన్, తల్లి చదువుకున్న మనిషి. ఈయన మాటల మీద అంత పట్టు ఆ ఇంట్లోంచి వచ్చిందే అని నా నమ్మకం. ప్రతి అక్షరం విడివిడిగా వినపడేలా పలుకుతాడు. మీరు వేగం అన్నారు కదా, ఆ వేగంలో ఒక్క మాట కూడా నలగదు.

'జానీ బి. గుడ్'లో మొదట రాసుకున్న మాట 'కలర్డ్ బాయ్', అంటే నల్ల పిల్లవాడు. రేడియోవాళ్లు వెయ్యరని దాన్ని 'కంట్రీ బాయ్' చేశాడు. పల్లెటూరి పిల్లవాడు అయ్యాడు. ఇది తెలిశాక 'బ్రౌన్ ఐడ్ హ్యాండ్సమ్ మ్యాన్' వినండి. 1956 పాట. పని లేదన్న నేరం మీద ఒకణ్ణి పట్టుకుని కోర్టులో నిలబెట్టడంతో మొదలవుతుంది. గోధుమరంగు కళ్లు అని పైకి అంటాడు. ఏ రంగు గురించి అంటున్నాడో వినేవాళ్లలో తెలిసినవాళ్లకు తెలుసు. మీ మావయ్య షిప్పుల మీద దేశాలు తిరిగిన మనిషి. ఎన్నో రేవుల్లో తెల్లవాళ్ల కొట్ల ముందు నిలబడి ఉంటాడు. ఆ టిక్కు నాకు ఆశ్చర్యంగా లేదు.

'బై బై జానీ' 1960 పాట. 'జానీ బి. గుడ్'కి తరువాయి. ఆ కథలో తల్లి బ్యాంకులో దాచుకున్న డబ్బు తీసి, కొడుకుని గ్రేహౌండ్ బస్సు ఎక్కించి పంపిస్తుంది. వెళ్లేవాడి వైపు నుంచి రాసిన పాటలు చాలా ఉన్నాయి. ఇది పంపించిన అమ్మ పాట. నేను అమెరికా వచ్చేటప్పుడు మా అమ్మ మెడలో గొలుసు అమ్మింది. ఆ పాట నేను కారులో ఒక్కణ్ణే ఉన్నప్పుడు వింటాను.

ఇక 'ఇవి లేవు' అని రాసుకున్న రెండు పాటలు. ఆయనకు పాటలు ఎంత బాగా తెలుసో ఆ రెండు మాటల్లో ఉంది. ఈ 28 పాటల సంకలనం చాలా గొప్పది, ఒక్కటి కూడా తీసెయ్యాల్సింది లేదని నేనంటాను. కానీ 'ప్రామిస్డ్ ల్యాండ్', 'యూ నెవర్ కెన్ టెల్' లేకపోవడం పెద్ద లోటు. రెండూ జైల్లో రాసినవే. 'ప్రామిస్డ్ ల్యాండ్' కోసం జైలువాళ్లను అట్లాసు అడిగితే, పారిపోవడానికి దారి చూసుకుంటున్నాడేమోనని ఇవ్వడానికి వెనకాడారట. నార్‌ఫోక్ నుంచి లాస్ ఏంజలెస్ దాకా ఒక పేదవాడి ప్రయాణం అది. బస్సు, ఆ తర్వాత రైలు, చివరికి విమానం. బస్సు రాక్ హిల్ ఊళ్లో ఆగకుండా పోతుంది, బర్మింగ్‌హామ్‌లో చెడిపోయి నిలిచిపోతుంది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి బస్సుల్లో వెళ్తున్నారని 1961లో ఫ్రీడమ్ రైడర్స్‌ని కొట్టిన ఊళ్లే ఆ రెండూ. ఆ సంగతి పాటలో ఎక్కడా చెప్పడు. ఊరి పేర్లు చదువుతాడు, అంతే. దిగగానే ఏం చేస్తాడో తెలుసా? ఇంటికి ట్రంక్ కాల్ బుక్ చేస్తాడు.

ఆ రెండు పాటలూ 1964లో వచ్చిన 'సెయింట్ లూయిస్ టు లివర్‌పూల్' అనే ఎల్‌పీలో ఉన్నాయి. ఈ డిసెంబరులో ఇండియా వస్తున్నాను. ఇక్కడ పాత రికార్డుల కొట్లో దొరికితే మీకోసం తెస్తాను, మొహమాటపడొద్దు.

ఆయన్ని నేను ఒకసారి చూశాను. డెల్మార్ వీధిలో బ్లూబెరీ హిల్ అని ఒక హోటలు ఉంది. కింది అంతస్తులో డక్ రూమ్ అనే చిన్న హాలు. 1996 నుంచి 2014 దాకా నెలకోసారి అక్కడ వాయించేవాడు, మొత్తం 209 సార్లు. నేను వెళ్లేనాటికి ఎనభై ఐదు దాటాయి. కూతురు పక్కన హార్మోనికా, కొడుకు గిటారు. వేళ్లు కొన్ని చోట్ల తప్పాయి. ఒక చోట మాట మర్చిపోతే హాలు హాలంతా అందించింది. ఒంగోలు అన్నగారు రాసిందంతా నిజం, నేను దేన్నీ కాదనను. అయినా ఆ రాత్రి అక్కడ ఉన్నందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

'మెంఫిస్'కి రెండు టిక్కులెందుకో మాత్రం నేను చెప్పను అక్కా. మాటలు దగ్గర పెట్టుకుని చివరిదాకా మీరే వినండి. ముందే చెప్తే పాడైపోతుంది.

ఒంగోలు చదువరి:

మిస్సోరీ తమ్ముడు రాసిన దాని మీద గొడవ లేదు. ఇంకొకటి కలుపుతాను. మొదటి పాట 'మేబెలీన్' ప్లేటు పాతదైతే పేర్లు చూడండి. 1955లో ఆ పాట రాసింది చక్ బెరీ ఒక్కడే. రికార్డు వచ్చాక చూసుకుంటే పక్కన ఇంకో రెండు పేర్లున్నాయి. ఒకటి అలన్ ఫ్రీడ్, పాటను రేడియోలో మోగించిన పెద్ద అనౌన్సర్. రెండోది రస్ ఫ్రాటో, చెస్ కంపెనీతో లావాదేవీలున్న మనిషి. రాబడిలో వాళ్లకూ వాటా వెళ్లింది. ఆ పేర్లు తీయించుకోవడానికి 1986 దాకా పట్టింది. తర్వాత జీవితమంతా ఈయన డబ్బు ముందు చేతిలో పడితే గానీ స్టేజీ ఎక్కేవాడు కాదు. ఒక్క గిటారు పట్టుకుని ఊరూరా వెళ్లి, అక్కడి కుర్రాళ్లను వెనక పెట్టుకుని వాయించేవాడు. చాలామంది అది పిసినారితనం అంటారు. మొదటి పాటకే అలా జరిగినవాడు ఇంకెలా ఉంటాడు అని నాకనిపిస్తుంది.

వాల్తేరు వయొలిన్:

చాలా రోజులకు రాస్తున్నాను. అత్త దగ్గరికి వెళ్లి వచ్చాను.

వెళ్లే ముందు 'మెంఫిస్' మాటలు కాగితం మీద రాసుకుని విన్నాను. మాస్టారు చెప్పిన చట్రం కూడా ఇందులో లేదు. రెండే కార్డులు. గొంతు ఎక్కడా పెంచడు. గిటారు కూడా పక్క గదిలోంచి వచ్చినట్టు ఉంటుంది. సెయింట్ లూయిస్‌లో తన ఇంట్లోనే టేపు మీద రికార్డు చేసుకున్నాడని చదివాను, బహుశా అందుకేనేమో.

ఒకతను టెలిఫోన్ ఆపరేటరుతో మాట్లాడుతున్నాడు. మెంఫిస్ నుంచి తనకు ఫోన్ వచ్చింది, నంబరు ఇవ్వలేదు, కలపమని బతిమాలుతున్నాడు. ఫోన్ వచ్చినప్పుడు తను ఇంట్లో లేడు. అతని మావయ్య ఫోన్ తీసుకుని ఆ కబురు గోడ మీద రాసి పెట్టాడు. ఈ మాట దగ్గర నేను ముల్లు ఎత్తేశాను.

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఫోన్ లేదు. ఎదురింటి హెడ్‌మాస్టారిది మాకు పీపీ నంబరు. మావయ్య షిప్పు ఏదైనా రేవుకి చేరినప్పుడు ట్రంక్ కాల్ బుక్ చేసేవాడు. అప్పుడు అత్త, వాళ్ల పాప మా ఇంట్లోనే ఉండేవారు. మాస్టారి భార్య గుమ్మంలోకొచ్చి కేకేస్తే నేను పరుగెత్తుకెళ్లి అత్తని పిలవాలి. ఒక్కోసారి అత్త గుడికో బజారుకో వెళ్లేది. అప్పుడు మాస్టారు మావయ్య చెప్పింది వాళ్ల గోడ మీద, క్యాలెండరు పక్కన, పెన్సిల్‌తో రాసి ఉంచేవారు. ఏ రేవు, ఎన్ని రోజులు, మళ్లీ ఎప్పుడు చేస్తాడు. ఆ గోడకి సున్నం వేసే ముందు ఆ రాతలన్నీ కాగితం మీదికి ఎక్కించుకోమని అత్తతో అన్నారు. ఇది నాకు బాగా గుర్తు.

మళ్లీ మొదటి నుంచి వేశాను. మేరీ, మేరీ అంటుంటే విడిచి వెళ్లిపోయిన భార్యో ప్రియురాలో అనుకున్నాను. ఆఖరి చరణంలో తెలుస్తుంది, మేరీకి ఆరేళ్లు. కూతురు. తల్లితో పడక ఇల్లు విడిపోయింది. చివరిసారి చూసినప్పుడు చెయ్యి ఊపుతూ ఉంది, చెంపల మీద కన్నీళ్లు. అంతసేపూ ఆపరేటరుకి చెప్పుకుంటున్నది ఒక తండ్రి. మిస్సోరీ తమ్ముడూ, నువ్వు చెప్పకపోవడం చాలా మంచిదైంది.

మావయ్య, అత్త విడిపోలేదు, కలిసే బతికారు. కానీ వాళ్ల పాప పుట్టినప్పుడు మావయ్య షిప్పులో ఉన్నాడు. తను తొలి అడుగు వేసినప్పుడు కూడా షిప్పులోనే. ఈ ప్లేటు కొన్న ఏడాది పాపకి ఆరేళ్లు ఉండాలి. అత్తని అడిగి లెక్క చూసుకున్నాను, ఐదు నిండి ఆరు నడుస్తోంది. రెండు టిక్కులు అందుకే పెట్టాడని నేను రూఢిగా చెప్పలేను. మావయ్య ఏ పాట గురించీ మాకు ఒక్క ముక్క చెప్పలేదు. సెలవుకి వచ్చినప్పుడు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక తక్కువ సౌండులో వేసుకునేవాడు. మాకు అది షిప్పువాళ్ల పాట, అంతే.

ప్లేటు, ప్లేయరు ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. అత్తకి ఇంగ్లీషు అంతగా రాదు. ముందు 'స్కూల్ డేస్' వేసి, గిటారు జవాబు చెప్పే తీరు చూపించాను. నవ్వింది. ఇదా, ఈ మోతేనా అంది. తర్వాత 'మెంఫిస్' వేశాను. ఒక్కొక్క లైను అయ్యాక ముల్లు ఎత్తి తెలుగులో చెప్పాను. గోడ మీద రాసిన మాట దగ్గర అత్త "మాస్టారిలాగే" అంది. ఆరేళ్ల పిల్ల అని చెప్పినప్పుడు ఏమీ అనలేదు. పైట చెంగు వేలికి చుట్టుకుంటూ కూచుంది.

కాసేపయ్యాక అడిగింది, "ఇంతకీ ఫోన్ కలిసిందా?"

పాట అక్కడితో అయిపోతుంది అత్తా, కలిసిందో లేదో చెప్పడు అన్నాను.

"మరి ఆ ఇంకో పాటలో?" అంది. 'ప్రామిస్డ్ ల్యాండ్' కథ అంతకుముందే చెప్పాను, లాస్ ఏంజలెస్‌లో దిగి ఇంటికి ఫోన్ చేస్తాడని. అందులో కలుస్తుంది అన్నాను.

తమ్ముడూ, డిసెంబరులో ఆ ఎల్‌పీ దొరికితే తప్పకుండా తీసుకురా. ఎంతయినా ఇస్తాను. అత్త అడుగుతోంది.